బెంగళూరు గట్ల మీద గ్రైండ్ చేయాలంటే: బీఎమ్‌ఎక్స్ పెగ్గులు ఎలా ఎంచుకోవాలి

విన్యాసాలకి వాడే చిన్న చక్రాల బీఎమ్‌ఎక్స్ సైకిల్ చేతికొచ్చిన వారానికే ఎవరైనా అడిగే మాట ఒకటే: "ఏ పెగ్గులు వేయించుకోమంటారు?" పేరు చెప్పేస్తే కొనేసుకుందామని. కానీ పేరు చెప్పే ముందు రెండు సంగతులు తేలాలి. మీ సైకిల్ యాక్సిల్, అంటే చక్రం ఇరుసు, ఎంత లావుంది? ఆ పెగ్గుల్ని మీరు దేనిమీద రుద్దబోతున్నారు? ఈ రెండూ తెలిస్తే కొట్లో వేలాడే వాటిలో సగం మీకు పనికిరావని తెలిసిపోతుంది. మిగతా సగంలో ఏది కొన్నా పెద్దగా నష్టపోరు.

అసలు పెగ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. చక్రం యాక్సిల్‌కి బయటివైపు బిగించే బెత్తెడు పొడవు గొట్టం అది. మొదట్లో దానిమీద నిలబడి విన్యాసాలు చేయడానికే వచ్చింది. తర్వాత దాన్నే గట్టు అంచుకో ఇనుప పైపుకో ఆనించి సర్రున జారడం మొదలైంది. ఆ జారడమే గ్రైండ్. మన ఊళ్ళల్లో వెనక చక్రానికి రెండు రాడ్లు బిగించి, తమ్ముణ్ణి వాటిమీద నిలబెట్టుకుని బడికి తీసుకెళ్ళే పిల్లలు ఉంటారు చూడండి, ఆ రాడ్లూ ఈ జాతివే. వాటితో మాత్రం గ్రైండ్ చేయొద్దు. ఎందుకో యాక్సిల్ దగ్గర చెప్తాను.

మొదటి పని: మీరు ఎలా తొక్కుతారో తేల్చుకోండి

ఒలింపిక్స్ చూసి బీఎమ్‌ఎక్స్ మీద మనసు పడ్డవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. 2008 బీజింగ్‌లో రేసింగ్ వచ్చింది, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో ఫ్రీస్టైల్ పార్క్ వచ్చింది. టోక్యోలో ఆస్ట్రేలియా కుర్రాడు లోగన్ మార్టిన్, ఇంగ్లండ్ అమ్మాయి షార్లెట్ వర్దింగ్టన్ బంగారు పతకాలు పట్టుకెళ్ళారు. మీకూ అలా ర్యాంపుల మీద గాల్లోకి లేచి తిరగాలని ఉంటే ఈ వ్యాసం ఇక్కడే ఆపేయొచ్చు. ఆ తరహా పోటీల్లో పెగ్గులు దాదాపు కనబడవు. గాల్లో ఉండగా సైకిల్ వెనక భాగాన్ని మీ చుట్టూ తిప్పే టెయిల్‌విప్ లాంటివి చేసేటప్పుడు పెగ్ ఉంటే బరువు, పైగా తిరుగుతూ వచ్చి పిక్కకి తగిలితే చుక్కలు కనిపిస్తాయి. మట్టి దిబ్బల మీద దూకేవాళ్ళకీ పెగ్గులు దండగే. రేసులోనైతే వాటిని అసలు రానివ్వరు.

చదునైన నేల మీద, ఎక్కడా దూకకుండా, సైకిల్‌ని బొంగరంలా తిప్పుతూ చేసేది ఫ్లాట్‌ల్యాండ్. దీనికి నాలుగు పెగ్గులూ కావాలి, ముందు రెండు, వెనక రెండు. పాదం మోపి నిలబడాలి కాబట్టి ఇక్కడ జారని పెగ్ కావాలి. అల్యూమినియం పెగ్గు, ఒంటి నిండా గరుకు గీతలు చెక్కినది తీసుకోండి. లేత్ పనివాళ్ళు ఆ గీతల్ని నర్లింగ్ అంటారు. బెంగళూరులో ఫ్లాట్‌ల్యాండ్‌కి పెద్ద పార్కు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నున్నటి సిమెంటు నేల, మధ్యాహ్నం పూట ఖాళీ అయిన రెండు కార్ల జాగా చాలు. వానాకాలంలో ఊరంతా తడిసి ఉన్నా అక్కడ పని ఆగదు. వాచ్‌మన్‌తో మాత్రం ముందే మాట కలిపి పెట్టుకోండి. అల్యూమినియం పెగ్గుల్ని రాతి మీద రుద్దితే సుద్దముక్కలా అరిగిపోతాయి కాబట్టి వాటితో గ్రైండింగ్ జోలికి పోకండి.

ఇక మిగిలింది స్ట్రీట్. గట్లు, మెట్ల అంచులు, పైపులు. పెగ్గుల గొడవంతా ఇక్కడే కాబట్టి ఇక్కణ్ణించి చెప్పేదంతా దీని గురించే.

యాక్సిల్ కొలవకుండా డబ్బులు తీయొద్దు

సైకిల్ తిరగేసి పెట్టి వెనక చక్రం నట్టుకి పానా పెట్టి చూడండి. 15 పానా సరిగ్గా కూర్చుంటే యాక్సిల్ సాధారణంగా 3/8 అంగుళం ఉంటుంది. కొట్లలో దాన్నే 10 ఎంఎం అని పిలుస్తారు. 17 పానా పడితే 14 ఎంఎం అయ్యుండొచ్చు. పానాతో వచ్చేది అంచనాయే కాబట్టి నట్టు విప్పి యాక్సిల్ లావుని వెర్నియర్‌తో కొలిస్తే ఖాయమవుతుంది. వెర్నియర్ లేకపోతే వీధి చివర లేత్ షాపులోనో, స్కూటర్ మెకానిక్ దగ్గరో ఉంటుంది, నిమిషం పని.

సరైన బీఎమ్‌ఎక్స్‌లో మామూలుగా వెనక 14 ఎంఎం, ముందు 3/8 అంగుళం ఉంటాయి. మంచి పెగ్గులకి 14 ఎంఎం రంధ్రం ఉండి, సన్నటి యాక్సిల్ మీదా కూర్చోవడానికి ఒక చిన్న బుష్ జతగా వస్తుంది. పెట్టెలో ఆ బుష్ ఉందో లేదో కొట్లోనే తీసి చూసుకోండి. అది లేకుండా 14 రంధ్రం ఉన్న పెగ్‌ని 10 యాక్సిల్‌కి బిగిస్తే పెగ్ మధ్యలో కూర్చోదు, పక్కకి ఒరుగుతుంది. రెండు దెబ్బలకే నట్టు వదులవుతుంది. కొందరు మెకానిక్‌లు దీనికి రెండు మూడు వాషర్లు పేర్చి "అయిపోయింది సార్" అంటారు. అవదు.

లావు ఒక్కటే చాలదు, పొడవూ చూడాలి. పెగ్ అడుగుభాగం దళసరి 5, 6 ఎంఎం ఉంటుంది. దాన్ని యాక్సిల్ మీద ఎక్కించాక వాషర్‌కీ, నట్టు మొత్తానికీ సరిపడా మర మిగలాలి. ఫ్రేమ్ బయటికి యాక్సిల్ సుమారు 20 ఎంఎం పొడుచుకొచ్చి ఉంటే దిగుల్లేదు. నట్టు బిగించాక దాని ముఖానికి సమంగానో, ఒకటి రెండు మరలు బయటికో యాక్సిల్ కనబడాలి. నట్టు లోపలే యాక్సిల్ ఆగిపోతే ఆ పెగ్‌ని పట్టుకుని ఉన్నవి నాలుగైదు మరలే అన్నమాట. మీ బరువంతా ఒక్కసారి దానిమీద పడ్డప్పుడు అవి ఊడొచ్చేస్తాయి. గొలుసు లాగి పట్టే చైన్ టెన్షనర్లు ఉంటే వాటి మందం కూడా ఈ లెక్కలో కలపండి. కొన్ని ముందు హబ్బులకి, అంటే చక్రం నడిమి భాగానికి, నట్టు ఉండదు, బోల్టు లోపలికి పోతుంది. అలాంటివాటికి పెగ్ అడుగు మందం మేరకు పొడుగు బోల్టు విడిగా కావాలి. పాత బోల్టుతో సర్దుకోకండి.

ఇప్పుడు ఆ వెనక నిలబడే రాడ్ల సంగతి. సూపర్ మార్కెట్‌లోనో, పుట్టినరోజుకి సైకిళ్ళమ్మే కొట్లోనో కొన్న బీఎమ్‌ఎక్స్ రకం సైకిల్‌కి చాలాసార్లు ముందు యాక్సిల్ 5/16 అంగుళమే ఉంటుంది, అంటే 8 ఎంఎం. పెడళ్ళ క్రాంకు ఒకే ముక్కగా వంచిన కడ్డీ అయితే, చక్రం కూర్చునే చోట ఫ్రేమ్ పల్చటి రేకులా ఉంటే, అది వీధిలో తిరగడానికి చేసిన సైకిల్. నిలబడిన తమ్ముడి బరువు నిదానంగా పడుతుంది, అది మోస్తుంది. అడుగున్నర ఎత్తు నుంచి రాతి అంచు మీద పడే దెబ్బ వేరు. యాక్సిల్ వంగుతుంది, తర్వాత చక్రం ఫ్రేమ్‌కి రాసుకుంటుంది. సైకిల్ చెడ్డదని కాదు, దాని పని వేరు. దానికి పెగ్గులు కొనే డబ్బు పక్కన పెట్టి, 4130 క్రోమోలీ అనే గట్టి ఉక్కుతో చేసిన ఫ్రేమ్, ఫోర్కు ఉన్న పాత సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో దొరికేదాకా ఆగండి.

ఎటువైపు? ఎన్ని?

మొదలుపెట్టేవాళ్ళకి రెండు చాలు, ఒకే వైపు, ముందొకటి వెనకొకటి. నాలుగూ ఒకేసారి బిగించుకుంటే బరువు పెరుగుతుంది, లిఫ్ట్‌లో పక్కవాళ్ళ కాళ్ళకి తగులుతుంది, పార్కింగ్‌లో ఎవరి స్కూటీకి గీత పడ్డా మీ మీదికే వస్తారు. రెండో వైపు అవసరం ఎప్పుడొస్తుందో మీకే తెలుస్తుంది.

వైపు ఎంచుకోవడం తేలిక. ఎత్తు తక్కువున్న గట్టు చూసుకుని, దాని పక్కనే నెమ్మదిగా పోతూ పైకి చిన్నగా ఎగరండి. ఓసారి గట్టు కుడివైపు ఉండేలా, ఓసారి ఎడమవైపు ఉండేలా. ఒకవైపు ఒళ్ళు దానంతటదే వాలుతుంది, ఇంకోవైపు భయం వేస్తుంది. వాలినవైపే పెగ్గులు. స్నేహితుడు ఎడమవైపు చేస్తాడు కాబట్టి మీరూ ఎడమే అనుకోనక్కర్లేదు.

చిక్కల్లా గొలుసుతో. మామూలు సైకిళ్ళకి గొలుసు కుడివైపు. మీ గ్రైండ్ వైపు ఎడమ అయితే హాయి. కుడి అయితే గట్టు అంచుకి చైనూ పళ్ళచక్రమూ తగిలే ప్రమాదం ఉంది. పాత సైకిళ్ళలో ముందు 44 పళ్ళ పెద్ద చక్రం ఉండేది, దాంతో ఇది నిజంగా ఇబ్బందే. ఇప్పటి సైకిళ్ళలో ముందు 25, వెనక 9 పళ్ళు రావడంతో చాలామటుకు తప్పింది. ఇంకా భయంగా ఉంటే పళ్ళచక్రానికి గార్డు వేయించుకోవచ్చు. గొలుసు ఎడమవైపు ఉండేలా చేసిన హబ్బులు కూడా ఉన్నాయి, కానీ ఆ ఖర్చు తర్వాత ఎప్పుడో.

ఉక్కా, ప్లాస్టిక్కా?

ఇంటర్నెట్‌లో ఈ వాదన ఎప్పటికీ తెగదు. కారణం, వాదించేవాళ్ళు వేర్వేరు ఊళ్ళ గట్ల మీద రుద్దుతుంటారు. అమెరికా వీడియోల్లో కనబడే నున్నటి కాంక్రీటు అంచులు మన దగ్గర తక్కువ. కాబట్టి బెంగళూరులో ఏముందో చూద్దాం.

రోడ్డు పక్క కాలిబాట అంచురాళ్ళు ఎక్కువగా గ్రానైటు. దేవనహళ్ళి వైపు సాదరహళ్ళి రాయి ఈ ఊరికి పాత చుట్టం. ఆ అంచుల్ని చాలాచోట్ల ఉలితో కొట్టి వదిలేస్తారు, నునుపు చేయరు. చేత్తో తడిమితే బియ్యపు రవ్వలా గరుకు తగులుతుంది. ఉక్కు పెగ్ దానిమీద పడితే రెండడుగులు కూడా పోదు, గింజలకి పట్టుకుని ఆగిపోతుంది, మీరు మాత్రం ముందుకెళ్ళి పడతారు. ప్లాస్టిక్ తొడుగు ఉన్న పెగ్ అక్కడ కాస్త అరుగుతూనే అయినా ముందుకు జారుతుంది. రాయి మరీ గరుకైతే రెండూ వద్దు, ఇంకో గట్టు వెతుక్కోండి.

అపార్ట్‌మెంట్ల మెట్ల పక్కన, పూలకుండీల గట్ల మీద పరిచేది పాలిష్ గ్రానైటు. దానిమీద ఏదైనా జారుతుంది. కానీ ఉక్కు పెగ్ తగిలితే పలక అంచు గోరంత ముక్క లేచిపోతుంది, ఆ తర్వాత అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మీ ఫొటో వస్తుంది. పార్కు బెంచీల మీదా, పాత ఇళ్ళ పిట్టగోడల మీదా కనబడేది మన కడప బండ. గ్రానైటు కన్నా మెత్తన. ఉక్కు దాన్ని తెల్లగా గీరేస్తుంది, పొరలు లేపుతుంది. ప్లాస్టిక్ పెగ్‌కి మాత్రం కడప బండ అంచు లాంటిది ఈ ఊళ్ళో ఇంకోటి లేదు. చప్పుడు కూడా పెద్దగా రాదు. అయినా అది ఎవరిదో కనుక్కుని, అడిగి చేయండి. పార్కు బెంచీలు కూర్చోవడానికే.

సిమెంటు పూత గట్లు మోసం చేస్తాయి. చూడ్డానికి నున్నగా ఉంటాయి, ఇసుక రాలుతుంటుంది. ఉక్కు పెగ్ అయితే అంచుకి మైనం రుద్దక తప్పదు. మామూలు కొవ్వొత్తి చాలు. ప్లాస్టిక్‌కి మైనం అవసరం చాలా తక్కువ. మీరు మైనం రుద్దిన గట్టు మీదికి ఇంకొకరు వస్తుంటే ఒక మాట చెప్పండి, తెలియక వచ్చినవాళ్ళు జర్రున జారి నడుం విరగ్గొట్టుకుంటారు.

ఉక్కు పెగ్ గొప్పంతా ఇనుము మీదే. ర్యాంపు పైఅంచున ఉండే పైపు, యాంగిల్ బిగించిన పెట్టె, లావుపాటి ఇనుప కమ్మీ, వీటిమీద ఉక్కు వేగంగా, నిక్కచ్చిగా పోతుంది, ఆ కీచుమనే చప్పుడంటే ప్రాణమిచ్చేవాళ్ళున్నారు. ప్లాస్టిక్ కూడా ఇనుము మీద బాగానే జారుతుంది. ఇంకో సంగతి, చాలా స్కేట్‌పార్కుల్లో చెక్క ర్యాంపులు పాడవుతాయని ఉక్కు పెగ్గుల్ని రానివ్వరు, ప్లాస్టిక్ అయితే ఒప్పుకుంటారు. వెళ్ళే ముందు ఫోన్ చేసి అడగండి. మన స్టెయిన్‌లెస్ స్టీల్ మెట్ల రెయిలింగుల జోలికి మాత్రం వెళ్ళకండి. అవి పల్చటి గొట్టాలు, వెల్డింగు చుక్కల మీద నిలబడి ఉంటాయి. సైకిల్‌తో సహా మనిషి బరువు పడితే రెయిలింగు కదులుతుంది, రేపు దాన్ని పట్టుకుని దిగే ముసలాయన పడతాడు.

నా మాట అడిగితే, ఈ ఊళ్ళో మొదటి జత ప్లాస్టిక్కే. ప్లాస్టిక్ అంటే మొత్తం ప్లాస్టిక్ కాదు. లోపల ఉక్కుదో అల్యూమినియందో గొట్టం, పైన నైలాన్ లాంటి గట్టి తొడుగు. అరిగేది తొడుగే, అది విడిగా దొరుకుతుంది. ఒడిస్సీ, కల్ట్, షాడో లాంటి కంపెనీలన్నీ ఇలాంటివి చేస్తాయి. కొనేటప్పుడు "దీని తొడుగు విడిగా తెప్పిస్తారా?" అని అడగండి. తెప్పించలేమంటే, ఎంత చవకైనా ఇంకో కంపెనీ చూడండి. తొడుగు దొరకని ప్లాస్టిక్ పెగ్ రీఫిల్ లేని పెన్నే.

సైజు

పొడవు 4 నుంచి 4.5 అంగుళాల మధ్య ఏదైనా సరే. పొడుగైతే గట్టు మీద కుదురుగా కూర్చుంటుంది, పొట్టిదైతే దారిలో తక్కువ తగులుతుంది. లావు మాత్రం చూసుకోండి. సన్నటి పెగ్‌తో హబ్బు గట్టుకి దగ్గరవుతుంది, లావుదైతే కాస్త ఎడం ఉంటుంది. కొత్తవాళ్ళకి లావే మంచిది.

దొరక్కపోతే చేయించుకోవచ్చు

విదేశీ పెగ్గులు ఒక్కోసారి నెలల తరబడి దొరకవు, దొరికినా కస్టమ్స్‌తో కలిపి ధర కళ్ళు తిరిగేలా ఉంటుంది. బెంగళూరులో ఉన్నందుకు ఒక సుఖం, పీణ్య పారిశ్రామికవాడ ఉంది. చిన్న చిన్న లేత్ షాపులు వీధికి బోలెడు. అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి అక్కడ పనిచేసేవాళ్ళు కనబడుతూనే ఉంటారు, భాషకీ ఇబ్బంది లేదు. సంభాషణ ఎలా ఉంటుందంటే:

"ఏం సార్, మోటారుకి బుష్షా?"

"కాదన్నా, సైకిల్‌కి. ఒకవైపు మూసి ఉండాలి, మధ్యలో యాక్సిల్‌కి రంధ్రం."

"ఎంఎస్‌లో చేసేద్దామా?"

ఇక్కడ ఒద్దనాలి. ఎంఎస్ అంటే మెత్తటి ఇనుము, నాలుగు దెబ్బలకి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఇఎన్ 8 రకం ఉక్కు కనీసం, ఇఎన్ 19 అయితే ఇంకా మేలు. రెండూ కడ్డీలుగా బజార్లో దొరుకుతాయి. కాగితం మీద బొమ్మ గీసి కొలతలు ఇవ్వండి: బయటి లావు 36 ఎంఎం, లోపలి బోలు 30 ఎంఎం, పొడవు 110 ఎంఎం, అడుగు మందం 6 ఎంఎం, అడుగులో రంధ్రం 14 యాక్సిల్ బిగుతుగా కాక కాస్త సులువుగా దూరేంత. అంచులన్నీ గుండ్రంగా తీయమనండి, లేకపోతే అదే మీ పిక్కని కోసేది. ఈ కొలతలతో ఒక్కో పెగ్ సుమారు 300 గ్రాములు తూగుతుంది. కొన్నదానికన్నా కాస్త బరువే, అయినా పనిచేస్తుంది. లోపలి బోలు 30 కన్నా తగ్గించొద్దు. నట్టు బిగించే సాకెట్ లోపలికి వెళ్ళాలి కదా, దాని బయటి గోడ కూడా అందులో పట్టాలి. ఆ కొలత మర్చిపోతే అందమైన పెగ్ వస్తుంది గానీ, దాన్ని బిగించడానికి దారుండదు.

ప్లాస్టిక్ తొడుగు అరిగిపోయి కంపెనీది దొరకనప్పుడు కూడా ఇదే దారి. నైలాన్ రాడ్ తెచ్చి పాత తొడుగు కొలతకి తిప్పించొచ్చు. లోపలి గొట్టం మీదికి రబ్బరు సుత్తితో రెండు తట్లు తడితే ఎక్కేంత బిగుతు ఉండాలి. చేత్తో తిరిగిందంటే వదులు.

బిగించడం

కావలసింది లోతు సాకెట్, పొడుగు పిడి రాచెట్. పెగ్ లోపల నట్టు అడుగున ఉంటుంది కాబట్టి మామూలు పానా అందదు. లోతు సాకెట్లు ఎస్‌జేపీ రోడ్డులో పనిముట్ల కొట్లలో దొరుకుతాయి. పెగ్‌ని వెంట తీసుకెళ్ళి, లోపల దూరుతుందో లేదో అక్కడే చూసి కొనండి.

పాత నట్టు, వాషర్ తీయండి. ఫ్రేమ్ ముఖం మీద మట్టి, పాత గ్రీజు తుడవండి. పెగ్‌ని నేరుగా ఫ్రేమ్‌కి ఆనించి, వాషర్ పెగ్ లోపల వేసి, నట్టు చేత్తో తిరిగినంత దూరం తిప్పండి. మొదటి తిప్పు నుంచే పానాతో మొదలుపెడితే మర అడ్డంగా పట్టినా తెలియదు. చక్రం మధ్యలో ఉందో, గొలుసు బిగువు సరిపోయిందో చూసుకుని, అవతలివైపు నట్టూ ఇదీ మార్చి మార్చి బిగించండి. ముందు చక్రానికి కొన్ని సైకిళ్ళలో కొక్కెం ఉన్న వాషర్ ఉంటుంది, నట్టు వదులైనా చక్రం ఊడిపోకుండా పట్టేది. అలాంటిదుంటే దాన్ని పారేయకుండా ఫోర్కుకి ఆనించే ఉంచి, ఆ తర్వాతే పెగ్ వేయండి.

కొన్ని ఫ్రేముల్లో యాక్సిల్ గాడి పక్కన చిన్న చిల్లు ఉంటుంది, పెగ్ అడుగున కూడా దానికి సరిపడా చిల్లు. రెండిటి మధ్యా పిన్ను పెడితే పెగ్ తిరగదు. అది లేనివాళ్ళు ఒక పని చేయండి. బిగించాక పర్మనెంట్ మార్కర్‌తో పెగ్ అడుగు నుంచి ఫ్రేమ్ మీదికి ఒకే గీత గీయండి. పదిసార్లు గట్టు మీద పడ్డాక చూడండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే పెగ్ తిరుగుతోంది, నట్టు చాలలేదు. మొదటి కొన్ని రోజులు ప్రతిసారీ తొక్కే ముందు ఆ గీత చూసుకోండి.

హబ్బు గార్డు లేకుండా పోకండి

పెగ్గులకి పోసిన డబ్బు గురించి అందరూ మాట్లాడతారు, హబ్బు పక్కన కవచంలా బిగించే గార్డు గురించి ఎవరూ చెప్పరు. వెనక పెగ్ గట్టు అంచు మీద, ముందు చక్రం గట్టు పైన ఉండేలా పోయేదాన్ని ఫీబుల్ అంటారు. అందులో సైకిల్ పక్కకి వాలి ఉంటుంది, హబ్బు అంచు, స్పోకుల మొదళ్ళు నేరుగా రాతికి తగులుతాయి. వారంలో రెండు స్పోకులు తెగుతాయి, తర్వాత చక్రం వంకర. గ్రైండ్ వైపు వెనక హబ్బుకి గార్డు తప్పనిసరి. దీనికి తలకిందులుది స్మిత్. ముందు పెగ్ అంచు మీద, వెనక చక్రం గట్టు పైన. అది చేసేవాళ్ళకి ముందు గార్డు కూడా కావాలి. గార్డులు చాలామటుకు హబ్బుని బట్టి ఉంటాయి కాబట్టి హబ్బు పేరు, మోడల్ చెప్పి కొనండి.

మొదటి గ్రైండ్

ఊరి గట్ల మీద మొదలుపెట్టకండి. 8 అడుగుల పొడవు, మోకాలి కన్నా బాగా కింద ఉండేలా, ప్లైవుడ్ పెట్టె చేయించి దాని అంచుకి ఇనుప ఎల్ యాంగిల్ బిగించండి. గేట్లు, గ్రిల్స్ చేసే ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా యాంగిల్ కోసి, స్క్రూలకి రంధ్రాలు వేసిస్తారు. స్క్రూల తలలు పైకి పొడుచుకు రాకుండా రంధ్రాలకి లోతు తీయమనండి, లేదంటే పెగ్ అక్కడే ఆగుతుంది. నలుగురు కలిసి చేయించుకుంటే ఖర్చూ తేలిక, మోసుకెళ్ళడానికీ చేతులుంటాయి.

రెండు పెగ్గులూ ఒకేసారి అంచు మీద దిగే డబుల్ పెగ్‌తో మొదలుపెట్టండి. పెట్టెకి దాదాపు సమాంతరంగా, కొంచెం ఏటవాలుగా రండి. ముందు చక్రం లేపి, వెనకదీ లేపి, రెండు పెగ్గులూ ఒకేసారి దిగేలా చూడండి. ఒళ్ళు బరువు పెట్టె వైపు కొద్దిగా ఉండాలి. చూపు పెగ్ మీద కాదు, పెట్టె చివర. చివరికొచ్చాక ముందు చక్రం కొద్దిగా లేపి నేల మీదికి దింపండి. హెల్మెట్, పిక్కల ముందు కట్టుకునే షిన్ గార్డులు తప్పనిసరి. కొత్త పెగ్ మొదటి నెలలో రాతిని కన్నా మిమ్మల్నే ఎక్కువ గీరుతుంది.

అరుగుదల

పెగ్ ఒకేచోట అరుగుతుంది. కొన్నాళ్ళకి ఆ వైపు బల్లపరుపుగా చదునైపోతుంది. చదును వెడల్పు బొటనవేలంత అయ్యేలోపు నట్టు వదులు చేసి పెగ్‌ని పావు వంతు తిప్పి మళ్ళీ బిగించండి. మార్కర్ గీత మళ్ళీ కొత్తగా గీయండి. అలా నాలుగు వైపులా అరిగించుకుంటే తొడుగు ఎక్కువ కాలం వస్తుంది. పిన్ను పెట్టినవాళ్ళు పెగ్‌ని తిప్పలేరు కాబట్టి తొడుగునే లాగి తిప్పాలి. తొడుగు లోంచి లోపలి గొట్టం మెరుస్తూ కనబడిందంటే ఆ రోజుకి ఆపేయండి. ఆ లోహపు అంచు రాతికి పట్టుకుంటే సైకిల్ అక్కడికక్కడే ఆగుతుంది. ఉక్కు పెగ్గులకి చదును అంచున సన్నటి ఇనుప పొర లేస్తుంది, బ్లేడులా ఉంటుంది. ఆకురాయితో నాలుగు రాపిళ్ళు రాపి దాన్ని తీసేశాకే సైకిల్‌ని లిఫ్ట్‌లో ఎక్కించండి.